పొగతాగేవారు వంశపారంపర్యంగా వచ్చే స్థూలకాయ ముప్పును అంచనా వేసుకోవడం ఎలా?

సిగరెట్ మానితే లావెక్కిపోతామని, తమ వంశంలోనే ఆ గుణం ఉందని భయపడి చాలామంది ఆ అలవాటును వదులుకోలేరు. ఆ భయంలో కొంత నిజం ఉంది గనుక, దాన్ని కొట్టిపారేయకుండా కొలిచి చూసుకోవడం మంచిది.

ముందుగా తల్లిదండ్రులు, తోబుట్టువులలో ఎవరికి ఏ వయసులో పొట్ట వచ్చిందో, మధుమేహం ఎవరికి ఉందో, వారిలో పొగతాగినవారెవరో ఒక కాగితంపై రాసుకోండి. ఎఫ్‌టీఓ జన్యువుకూ స్థూలకాయానికీ సంబంధం ఉందని 2007లో వెల్లడైంది. ముప్పు పెంచే రూపం తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా వచ్చినవారు, అది అసలే రానివారికంటే సగటున సుమారు 3 కిలోలు మాత్రమే ఎక్కువ బరువుంటారు. ఇటువంటి జన్యువులు వందల్లో ఉన్నాయి, ఒక్కొక్కదాని ప్రభావం స్వల్పం. అందుకే ఖరీదైన జన్యు పరీక్షకంటే ఆ కాగితమే ఎక్కువ ఉపయోగపడుతుందని నా అభిప్రాయం.

తర్వాత నడుము కొలవడానికి టేపు తీసుకోండి. నికోటిన్ ఆకలిని అణచి, శరీరం ఖర్చుచేసే శక్తిని పెంచుతుంది గనుక పొగతాగేవారి బరువు తక్కువగానే కనిపించవచ్చు, కానీ కొవ్వు మాత్రం పొట్ట దగ్గర పేరుకుంటుంది. 15వ క్రోమోజోమ్‌పై ఉన్న నికోటిన్ గ్రాహక జన్యువులలో (కణాలపై నికోటిన్ అతుక్కునే భాగాలను తయారుచేసేవి) ఒక రూపం గలవారు, పొగతాగేవారైతే, ఎక్కువ సిగరెట్లు కాలుస్తారు, కాస్త సన్నగానూ ఉంటారు. ఎన్నడూ పొగతాగనివారిలో అదే రూపం ఉన్నా ఆ సన్నదనం కనిపించదు. చొక్కా తీసి నిటారుగా నిలబడి, చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ సరిగ్గా మధ్యన టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలాక చూడండి. ఆ కొలత మీ ఎత్తులో సగం దాటితే, బరువు ఎంత ఉన్నా జాగ్రత్తపడవలసిందే.

మానేశాక తొలి ఏడాదిలో సగటున 4 నుంచి 5 కిలోలు పెరుగుతారు, అందులో ఎక్కువ భాగం మొదటి 3 నెలల్లోనే; కొందరు తగ్గుతారు కూడా. నికోటిన్ గమ్, పొగ మానడానికి వైద్యులిచ్చే బుప్రోపియాన్ మాత్ర ఈ పెరుగుదలను వాయిదా వేయగలవు గనుక మానే తేదీకి ముందే వైద్యుణ్ణి అడగండి. నడక, వ్యాయామం తప్పనిసరి, ఎందుకంటే చురుకుగా ఉండేవారిలో ఎఫ్‌టీఓ ప్రభావం తగ్గుతుంది. భోజనం కాగానే చెయ్యి సిగరెట్ కోసం వెతికే క్షణంలో లేచి పళ్లు తోముకుంటే, ఆ కోరికతో పాటు చిరుతిండి మీద మనసూ తగ్గుతుంది. నడుమును రెండు వారాలకోసారి కొలుస్తూ, 3 నెలల తర్వాత కూడా పెరుగుతూనే ఉంటే రక్తంలో చక్కెర పరీక్ష చేయించుకోండి, కానీ మళ్లీ సిగరెట్ ముట్టించకండి.