ఇంట్లో ఫొటో ప్రింట్లు, గోడ మీది పటాలు: ఎక్కడ చెడింది, ఎలా బాగుచేయాలి

ప్రింటు బాగా రాకపోతే అందరూ ముందు ప్రింటరునే తప్పుపడతారు. హెడ్ క్లీనింగ్ (ఇంకు చిమ్మే భాగాన్ని కడిగే ఆప్షన్) మళ్లీ మళ్లీ నొక్కుతారు. ఇంకు సీసాలు ఖాళీ అవుతాయి, ఫొటో మాత్రం అలాగే వస్తుంది. ఫోనులోని బొమ్మ గోడ మీదికి చేరేలోపు ఫైలు, ప్రింటరు, కాగితం, ఫ్రేము, గోడ అనే ఐదు చోట్లు దాటాలి. లోపం ఎక్కడ పుట్టిందో తేలేదాకా ఏదీ కొనవద్దు. మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చండి.

తేల్చుకోవడానికి తేలిక మార్గం ఒకటి ఉంది. అదే ఫైలును దగ్గర్లోని ఫొటో ల్యాబులో అదే సైజులో తీయించండి. అక్కడా అలాగే వస్తే లోపం ఫైలులోనే ఉంది. బాగా వస్తే మీ ప్రింటరు, కాగితం వైపు చూడండి.

ఫోనులో స్పష్టంగా ఉంది, ప్రింటులో మసకగా వచ్చింది

ఇది లెక్క తప్పడం వల్ల వచ్చేదే. చేతిలో పట్టుకుని చూసే ప్రింటుకు అంగుళానికి 300 పిక్సెళ్లు (బొమ్మలోని చుక్కలు) ఉండాలి. అంటే 4×6 అంగుళాలకు 1200×1800, 12×18కు 3600×5400. గోడ మీద నాలుగైదు అడుగుల దూరం నుంచి చూసేదానికి అంగుళానికి 150 ఉన్నా కన్ను పట్టుకోలేదు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో పొడవు సుమారు 1600 పిక్సెళ్లకు కుదించుకుపోతుంది. అది 4×6కు సరిపోతుంది. 12×18కు సాగదీస్తే అంగుళానికి 90 కూడా రావు.

తీసినవారిని అడిగి అసలు ఫైలును డాక్యుమెంటుగా పంపించుకోండి. స్క్రీన్‌షాట్‌ను ఎప్పుడూ ప్రింటుకు వాడవద్దు. చిన్న ఫొటోను పెద్దది చేసే ఏఐ యాప్‌లు ఇప్పుడు చాలా ఉన్నాయి. చెట్లకూ కొండలకూ ఫరవాలేదు కానీ, పాత ఫొటోలోని తాతగారి ముఖానికి వాటిని వాడవద్దని గట్టిగా చెబుతాను. లేని కనురెప్పలూ పెదవుల గీతలూ అవి కల్పించి పెడతాయి. చూడటానికి నునుపుగా ఉంటుంది, తాతగారు మాత్రం ఉండరు. చిన్న సైజులో తీసి చుట్టూ వెడల్పాటి మౌంటు (ఫొటోకూ ఫ్రేముకూ మధ్య పెట్టే అట్ట అంచు) పెట్టించడం ఎంతో మేలు.

తలలు, కాళ్లు తెగిపోయాయి

ఫోను కెమెరా సాధారణంగా 4:3 కొలతలో తీస్తుంది. 4×6 కాగితం 3:2. కాగితం నింపాలంటే ఫొటోలో తొమ్మిదో వంతు పోవలసిందే. 6×8 గానీ 12×16 గానీ ఎంచుకోండి, లేదా తెల్ల అంచుతో తీయించండి. అంచు లేకుండా వేసే పద్ధతిలో ప్రింటరు బొమ్మను కొంచెం పెంచుతుంది కాబట్టి ముఖాలను అంచుకు ఆనించి కత్తిరించవద్దు.

తెర మీద వెలుతురుగా ఉంది, కాగితం మీద చీకటిగా ఉంది

తెరకు సొంత వెలుగు ఉంది, కాగితానికి లేదు. తెల్ల కాగితాన్ని తెర పక్కన పట్టుకుని, తెరలోని తెలుపు కాగితం తెలుపుకు దగ్గరయ్యేదాకా బ్రైట్‌నెస్ తగ్గించండి. అప్పుడు కనిపించే ఫొటోయే రాబోయే ప్రింటు. దాన్ని చూసి వెలుతురు పెంచుకుని ప్రింటు ఇవ్వండి.

ముఖాలు ఎర్రగానో ఆకుపచ్చగానో వచ్చాయి

ముందు నాజిల్ చెక్ పేజీ (ఇంకు రంధ్రాలు మూసుకుపోయాయేమో చూపే పరీక్ష పేజీ) తీయండి. మెట్లుమెట్లుగా సన్నని గీతలు వస్తాయి. ఏ రంగు గీత తెగిందో అదే జవాబు. సయాన్ (లేత నీలం) తగ్గితే ఫొటో ఎరుపెక్కుతుంది, మెజెంటా (ముదురు గులాబీ) తగ్గితే ఆకుపచ్చగా మారుతుంది, పసుపు తగ్గితే నీలంగా కనిపిస్తుంది. గీతలు తెగి ఉంటేనే క్లీనింగ్ చేయండి. రెండుసార్లు చేసినా రాకపోతే ఆపేసి, రాత్రంతా వదిలి పొద్దున మళ్లీ చూడండి. గట్టిపడిన ఇంకు నానడానికి సమయం కావాలి. ప్రతి క్లీనింగ్‌లోనూ ఇంకు వృథాగా లోపలి ప్యాడ్‌లోకి పోతుంది, అది నిండితే ప్రింటరే ఆగిపోతుంది.

హెడ్ ఎండిపోవడానికి పెద్ద కారణం ప్రింటరును గోడ స్విచ్ దగ్గర ఆపేయడం. ప్రింటరు మీది బటన్‌తో ఆపితేనే హెడ్ తన చోటికి వెళ్లి మూతపడుతుంది. వేసవిలో అయితే వారానికి ఒక రంగుల పేజీ తీయడం మంచి అలవాటు.

గీతలన్నీ సరిగా ఉన్నాయా? అయితే కాగితం సెట్టింగు చూడండి. గ్లాసీ పేపర్ పెట్టి సెట్టింగులో ప్లెయిన్ పేపర్ ఉంచితే ఇంకు మోతాదే మారిపోతుంది, రంగులు పేలవంగా వస్తాయి, అడ్డచారలు పడతాయి. ఇంకొకటి, రంగులు సరిచూసే పని ఎడిటింగ్ ప్రోగ్రామూ ప్రింటరూ రెండూ చేస్తే రంగు రెండుసార్లు దిద్దినట్లవుతుంది. ఏదో ఒకదానికే అప్పగించండి. ల్యాబుకు ఇచ్చే ఫైలును మామూలు రంగుల పద్ధతి అయిన ఎస్‌ఆర్‌జీబీలో ఇవ్వండి.

ప్రింటును ఏ వెలుగులో చూశారన్నదీ ముఖ్యమే. నాసిరకం ఎల్‌ఈడీ బల్బు కింద చామనఛాయ ముఖం పాలిపోయినట్లు ఉంటుంది. పగలు, ఎండ నేరుగా పడని కిటికీ పక్కన చూశాకే తీర్పు చెప్పండి.

ఇంకు అంటుకుంటోంది, ఆరడం లేదు

కాగితం తిరగేసి పెట్టి ఉంటారు. తడి వేలితో మూలన తాకితే పూత ఉన్న వైపు కొంచెం అతుక్కుంటుంది. పూత సరైనదే అయినా ఆరకపోతే ఇంకుకూ కాగితానికీ పొసగలేదన్నమాట. చవక గ్లాసీ కాగితాలు చాలావరకు డై ఇంకు (రంగు ద్రవంలో కరిగి ఉండేది) కోసం చేసినవి, పిగ్మెంట్ ఇంకు (సన్నని రంగు పొడి కలిపినది) వాటి మీద నిలవక చెరిగిపోతుంది. ఇంకుజెట్ కోసం చేసిన గ్లాసీ కాగితాన్ని లేజర్ ప్రింటరులో పొరపాటున కూడా పెట్టవద్దు. ఆ వేడికి పూత కరిగి లోపలి రోలరుకు పట్టేస్తుంది.

కొత్త పటంలో అద్దం లోపల మసక పొర

పూర్తిగా ఆరకముందే పటం కట్టించారు. ఇంకులోని ద్రవాలు నెమ్మదిగా ఆవిరై అద్దానికి పడతాయి. విప్పి, అద్దం తుడిచి, ప్రింటును ఒక రోజు గాలికి ఆరనిచ్చి మళ్లీ బిగించండి.

ఫొటో అద్దానికి అతుక్కుపోయింది

మన ఇళ్లలో పెద్దవాళ్ల పటాలకు జరిగే అతి పెద్ద నష్టం ఇదే. ఫొటో కాగితం మీది పొర తేమకు మెత్తబడి, ఎదురుగా ఆని ఉన్న అద్దానికి పట్టేస్తుంది. ఆ తేమ వానాకాలం గోడ నుంచి వస్తుంది, తడి పూలమాల నుంచీ వస్తుంది. దండలోని నీరు అద్దం మీదుగా జారి ఫ్రేము కింది గాడిలో నిలుస్తుంది, అక్కడి నుంచి కాగితం పీల్చుకుంటుంది. మరకలు కింది అంచునే మొదలవడానికి కారణం అదే.

అతుక్కుపోయాక లాగవద్దు. లాగితే ముఖం అద్దం మీదే ఉండిపోతుంది. ముందు అద్దంతో సహా స్కాన్ చేయించండి, లేదా ఫ్లాష్ లేకుండా నీడలో, కెమెరా వెనుక నల్లటి గుడ్డ పట్టి ఫొటో తీయండి. కాపీ చేతికొచ్చాక మిగతాది ఆలోచించవచ్చు. ల్యాబులో రసాయనాలతో కడిగిన పాత ప్రింట్లను నీటిలో నానబెట్టి విడదీసే పద్ధతి ఉంది కానీ, అది తెలిసినవారి చేతిలోనే జరగాలి. డై ఇంకుతో వేసిన ఇంకుజెట్ ప్రింటు గానీ, చేత్తో రంగులద్దిన పాత ఫొటో గానీ నీళ్లలో పడితే రంగు పోతుంది.

మళ్లీ ఇలా కాకుండా ఉండాలంటే అద్దానికీ ఫొటోకూ మధ్య ఖాళీ ఉండాలి. మౌంటు పెట్టమని పటాలు కట్టే దుకాణంలో ముందే అడగండి. దండ వేసేముందు నీరు దులపండి, వాడిపోగానే తీసేయండి. బొట్టు అద్దం మీదే పెట్టండి. ఒకే ఒక్క ప్రతి ఉన్న ఫొటో అసలును మాత్రం గోడకెక్కించవద్దు. దాన్ని బీరువాలో పొడిగా దాచి, కాపీకి దండ వేయండి. ఆ ఫొటో మనకు ముందు తరం ఇచ్చింది, తరువాతి తరానికి అందాలి.

వెలిసిపోయింది, పసుపెక్కింది

వెలిసిపోతే ఎండ కారణం. పడమటి కిటికీకి ఎదురుగోడ అన్నిటికన్నా చెడ్డ చోటు. డై ఇంకు త్వరగా, పిగ్మెంట్ ఇంకు నెమ్మదిగా వెలుస్తుంది. పసుపెక్కితే పటం వెనక విప్పి చూడండి. పాత వార్తాపత్రికో చవక అట్టో కనిపిస్తుంది. వాటిలోని ఆమ్లం ఫొటోకు పాకుతుంది. ఆమ్లం లేని అట్ట వేయించండి.

వెనక బూజు, చెదలు

ఫ్రేము కింది మూలల్లో వెనకవైపు కార్కు ముక్కలో రబ్బరు బిళ్లలో అంటించండి. గోడకూ పటానికీ మధ్య గాలి ఆడుతుంది. స్నానాల గది వెనక గోడకు పటాలు వద్దు.

పటం పక్కకు ఒరుగుతోంది, ముందుకు వంగుతోంది

ఒక్క మేకుకు బదులు రెండు కొట్టండి. ముందుకు వంగితే వెనక కొక్కేలు మరీ కిందికి ఉన్నాయి, పై మూడో వంతుకు జరపండి. బరువైన పటానికి గోడలో రంధ్రం వేసి, ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ బిగించాలి. సున్నం గోడకు అతికించే పట్టీలు నిలవవు, సున్నం పెచ్చుతో సహా ఊడిపడతాయి. ఎదురుగా ట్యూబులైటు ఉండి అద్దంలో మెరుస్తుంటే పటాన్ని పక్క గోడకు మార్చండి, లేదా అద్దం తీసేసి మ్యాట్ (మెరుపు లేని) లామినేషన్ చేయించి పెట్టండి.