టీవీ గోడకెక్కించే ముందు, ఉరుములు మొదలయ్యే ముందు

43 అంగుళాల టీవీకి సోఫా ఐదున్నర నుంచి ఏడడుగుల దూరంలో ఉంటే చాలు. తెర మధ్యభాగం కూర్చున్నవాళ్ల కంటి ఎత్తుకు, అంటే నేల నుంచి సుమారు 40 అంగుళాలకు రావాలి. చాలామంది తలుపు ఎత్తున బిగించి, తర్వాత మెడ పట్టేసిందంటారు.

అసలు తప్పు గోడ దగ్గర జరుగుతుంది. స్క్రూ పట్టుకోవడానికి రంధ్రంలో దించే ప్లాస్టిక్ ప్లగ్గు సిమెంటు పైపూతలోనే ఆగితే కొన్నాళ్లకు బరువుకు ఊడొస్తుంది. ఇటుక గోడకు డ్రిల్లు పెడితే ముందు బూడిదరంగు సిమెంటు పొడి, తర్వాత ఎర్రపొడి రాలుతుంది. ఎర్రపొడి మొదలయ్యాక ఇంకో రెండంగుళాలు లోపలికి పోనివ్వండి. స్విచ్‌బోర్డుకు సరిగ్గా పైన, కింద మాత్రం డ్రిల్లు వద్దు, వైర్లుంటాయి. టీవీ వెనక పొడవు స్క్రూలు వాడితే లోపలి బోర్డుకు గుచ్చుకుంటాయి.

మబ్బు పట్టగానే టీవీ కరెంటు ప్లగ్గు పీకేయండి. స్విచ్ ఆపితే సరిపోదు. డిష్ వైరు కూడా సెట్‌టాప్ బాక్సు నుంచి విప్పాలి, పిడుగు వల్ల ఎగదన్నే కరెంటు దాని గుండా వచ్చి టీవీకి బాక్సు వైరు గుచ్చే హెచ్‌డీఎంఐ పోర్టును కాల్చేస్తుంది. స్టెబిలైజరు దీన్ని ఆపలేదు. నెత్తిమీద మెరుస్తుంటే మాత్రం ఆ వైర్ల జోలికి పోవద్దు.

తెర తుడవడానికి పొడి మైక్రోఫైబర్ గుడ్డ చాలు. స్ప్రే నేరుగా కొడితే కింది అంచులోంచి లోపలికి దిగి, తెరమీద గీతలు మొదలవుతాయి.