దివ్యాంగ యువతకు ఇంటర్న్‌షిప్ ఇవ్వాలనుకునే సంస్థలు ముందుగా చేసుకోవలసిన ఏర్పాట్లు

దివ్యాంగులైన యువతీ యువకులకు పని నేర్చుకునే అవకాశం ఇవ్వాలన్న సదుద్దేశంతో ముందుకు వచ్చే సంస్థలు సాధారణంగా ముందు మనిషిని తీసుకొచ్చి, ఆ తర్వాత ఏ పని అప్పగించాలా అని ఆలోచిస్తాయి. అలా వచ్చిన ఇంటర్న్ ఒక మూల కూర్చుని, ఫైళ్లు సర్దుతూ, జిరాక్సులు తీస్తూ కొన్ని నెలలు గడిపి వెళ్లిపోతారు. వీళ్లతో పని కాదన్న అభిప్రాయం సంస్థకూ, నాకు పని రాదన్న అభిప్రాయం ఆ యువకుడికీ మిగులుతాయి. రెండూ తప్పుడు అభిప్రాయాలే. కాబట్టి ముందు పనిని విడదీసి చూసుకుని, మనిషిని తర్వాత వెతకండి.

ఒక మందుల పంపిణీదారు గోడౌన్‌ను ఉదాహరణగా తీసుకుందాం. అక్కడ "గోడౌన్ అసిస్టెంట్" అనే ఒకే ఉద్యోగంలో నిజానికి ఎన్నో పనులుంటాయి: వచ్చిన పెట్టెలు దించుకోవడం, బ్యాచ్ నంబరూ గడువు తేదీ ఇన్‌వాయిస్‌తో సరిచూడడం, ర్యాకుల్లో సర్దడం, ఆర్డరు ప్రకారం మందులు తీసి ప్యాక్ చేయడం, లేబుల్ అంటించడం, దుకాణాల నుంచి వచ్చే ఫోన్లకు జవాబివ్వడం. వీటిలో వినికిడి తప్పనిసరైనది ఫోన్ పని ఒక్కటే. ఆ ఒక్క పనిని మరొకరికి అప్పగిస్తే, వినికిడి లోపం ఉన్న వ్యక్తి మిగిలిన పనులన్నీ చేయగలరు. మేధోపరమైన వైకల్యం ఉన్నవారికి ర్యాకులు సర్దడం, లేబుళ్లు అంటించడం వంటి పనులను ఒక స్థిరమైన వరుసలో నేర్పితే, ఆ వరుసను శ్రద్ధగా పాటించగలిగేవారు వారిలో ఎందరో ఉంటారు. 1996లో అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలై తర్వాత ఇతర దేశాలకూ పాకిన ప్రాజెక్ట్ సెర్చ్ అనే ఇంటర్న్‌షిప్ విధానం వెనుక ఉన్నదీ ఇటువంటి ఆలోచనే. అత్యవసర విభాగంలో వైద్య సామగ్రిని ఎప్పటికప్పుడు నింపే పనిలో మనుషులు నిలవడం లేదని గమనించిన నర్సింగ్ అధికారి ఎరిన్ రీల్, ఆ పనిని మేధోపరమైన వైకల్యం ఉన్న యువతకు నేర్పించవచ్చని ఆలోచించారు. అక్కడ సంస్థకు నిజంగా అవసరమైన పనే శిక్షణకు ఆధారమైంది.

పనుల జాబితా సిద్ధమయ్యాక అభ్యర్థుల కోసం ఎక్కడ అడగాలన్న ప్రశ్న వస్తుంది. హైదరాబాద్ విద్యానగర్‌లో దివ్యాంగుల కోసం నడిచే జాతీయ ఉపాధి సేవా కేంద్రం, సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌లోని జాతీయ మేధో వికలాంగుల సంస్థ, దివ్యాంగ యువతకు ఉద్యోగ శిక్షణ ఇచ్చే యూత్‌ఫర్‌జాబ్స్ వంటి సంస్థలు, గ్రామీణ యువత కోసం నడిచే డీడీయూ-జీకేవై శిక్షణ కేంద్రాలు, మీ సమీపంలోని ఐటీఐలు, ప్రత్యేక పాఠశాలలు ఇందుకు తగిన చోట్లు. ప్రకటన రాసేటప్పుడు "ఇంగ్లిష్ ధారాళంగా మాట్లాడాలి", "సొంత బైక్ ఉండాలి" వంటి షరతులు అలవాటుగా వచ్చి చేరుతుంటాయి. మీ జాబితాలోని ఏ పనికి ఆ షరతు అవసరమో చూపలేకపోతే దాన్ని తీసివేయండి.

ఎంపికకు ఇంటర్వ్యూ సరైన పద్ధతి కాదని నా దృఢమైన అభిప్రాయం. అపరిచితుల ముందు తడబడకుండా మాట్లాడగలరా అన్నదాన్ని ఇంటర్వ్యూ పరీక్షిస్తుందే తప్ప, పెట్టెలోని బ్యాచ్ నంబరు సరిచూడగలరా అన్నది అందులో తెలియదు. దానికి బదులు అభ్యర్థిని సగం రోజు గోడౌన్‌కు పిలిచి, ఒకరు పని చేసి చూపించిన తర్వాత అదే పని వారితో చేయించి చూడండి. వైకల్యం ఎలా వచ్చింది, చికిత్స జరిగిందా అన్న ప్రశ్నలు అడగకండి. "ఈ పని చేయడానికి మీకు ఏ ఏర్పాటు కావాలి?" అన్న ఒక్క ప్రశ్న చాలు. సమాధానాలు తరచు చాలా చిన్నవిగా ఉంటాయి: ఎత్తు తగ్గించిన బల్ల, మాటకు బదులు రాతలో సూచనలు, కంప్యూటర్ తెరపై ఉన్నదాన్ని చదివి వినిపించే, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్, గంటన్నరకు ఒకసారి కొద్దిపాటి విరామం.

ఇక కాగితాల విషయం. నోటిమాటతో తీసుకోవడం కంటే 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద ఒప్పందం నమోదు చేయించడం ఇరువురికీ మేలు, ఎందుకంటే అప్పుడు స్టయిపెండ్, శిక్షణ కాలం, ప్రమాదం జరిగితే పరిహారం అన్నీ స్పష్టంగా ఉంటాయి. 2019 సవరణల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థలు వారి సంఖ్యలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. 4 నుంచి 29 మంది ఉన్న సంస్థలకు అది ఐచ్ఛికం. ఆ సవరణలు కనీస నెలసరి స్టయిపెండ్‌ను అర్హతను బట్టి 5,000 నుంచి 9,000 రూపాయలుగా, పదో తరగతి పాసైనవారికి 6,000గా నిర్ణయించాయి. ప్రస్తుత రేట్లను అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో చూసుకోవాలి. 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం కింద స్టయిపెండ్‌లో 25 శాతాన్ని, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. 20 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న ప్రైవేటు సంస్థకైతే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం, 2017 నియమాల ప్రకారం సమాన అవకాశాల విధానం రాతలో ఉండాలి, దివ్యాంగుల నియామకం, వారికి కావలసిన ఏర్పాట్లు చూసే ఒక లైజన్ ఆఫీసర్ ఉండాలి. పని ప్రదేశంలో లైంగిక వేధింపులను నిరోధించే 2013 చట్టం శిక్షణలో ఉన్నవారికీ వర్తిస్తుందని, ఫిర్యాదు ఎవరికి చేయాలో మొదటి రోజే చెప్పాలి.

సంస్థలు అసలు పట్టించుకోని విషయం పింఛను. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పింఛను 2024 నుంచి నెలకు 6,000 రూపాయలు, తెలంగాణలో 2023 నుంచి 4,016 రూపాయలు. పనిలో చేరితే పింఛను ఆగిపోతుందేమోనన్న భయంతో పిల్లలను ఇంట్లోనే ఉంచుకునే తల్లిదండ్రులు ఉన్నారు. పదో తరగతి చదివిన అభ్యర్థికి మీరిచ్చే 6,000 రూపాయలు కొన్ని నెలలు మాత్రమే వచ్చేవైతే, జీవితాంతం వచ్చే పింఛనును వదులుకోవడానికి వారు వెనకాడడంలో అన్యాయం ఏమీ లేదు. వారికి ఆసక్తి లేదని తీర్మానించే ముందు, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్, దివ్యాంగుల గుర్తింపు కార్డు అయిన యూడీఐడీ, రేషన్ కార్డు తీసుకుని మీ హెచ్‌ఆర్ ఉద్యోగి ఒకరు కుటుంబంతో పాటు గ్రామ సచివాలయానికో ఎంపీడీవో కార్యాలయానికో వెళ్లి, ఈ స్టయిపెండ్ వల్ల పింఛనుపై ప్రభావం ఉంటుందా లేదా అన్నది తేల్చుకురావాలి. ఆ జవాబు తెలిసిన తర్వాతే కుటుంబాన్ని నిర్ణయం అడగండి.

ప్రయాణం గురించి కూడా అప్పుడే మాట్లాడాలి. ఆర్టీసీలో దివ్యాంగులకు రాయితీ పాస్‌లు ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి మహిళలకు నిర్దిష్ట బస్సుల్లో ఉచిత ప్రయాణం ఉంది. అయితే జీడిమెట్ల, చర్లపల్లి వంటి పారిశ్రామిక వాడల్లో బస్టాపు నుంచి గేటు వరకు ఉన్న దూరమే అసలు సమస్య కావచ్చు. షిఫ్టు సమయాన్ని అరగంట జరపడం, సిబ్బంది వ్యాన్‌లో చోటు ఇవ్వడం వంటివి మీ చేతిలో ఉన్నవే. మరుగుదొడ్డికి వెళ్లే దారిలో మెట్లున్నాయేమో ఒకసారి స్వయంగా నడిచి చూడండి.

మొదటి రెండు వారాలు ఎలా గడుస్తాయన్నదాన్ని బట్టే మిగిలిన కాలం నడుస్తుంది. పని నేర్పడానికి పేరు పెట్టి ఒక్కరినే నియమించి, ఆ కాలంలో వారి సొంత పని లక్ష్యాన్ని తగ్గించండి. తగ్గించకపోతే వారికి ఇంటర్న్ భారంగానే కనిపిస్తారు. ఒక పనిని ముందు చేసి చూపించి, తర్వాత కలిసి చేసి, ఆ పైన ఒంటరిగా చేయనిచ్చి, ప్రతి మెట్టునూ ఫొటోలతో గోడకు అంటించాలి. వినికిడి లోపం ఉన్నవారితో మాట్లాడేటప్పుడు ముఖం కనిపించేలా ఎదురుగా నిలబడాలి, అరవకూడదు, ముఖ్యమైన సూచనను రాసి ఇవ్వాలి. ఢిల్లీలోని భారతీయ సంజ్ఞా భాషా పరిశోధన, శిక్షణ కేంద్రం రూపొందించిన నిఘంటువు ఆన్‌లైన్‌లో ఉంది; రోజుకు కొన్ని సంజ్ఞల చొప్పున తోటి ఉద్యోగులంతా నేర్చుకోవచ్చు.

కలుపుకుపోవడం పని బల్ల దగ్గరే ఆగిపోకూడదు. సిబ్బంది వాట్సాప్ గ్రూపులో సూపర్‌వైజర్ వాయిస్ మెసేజ్ పెడితే వినికిడి లోపం ఉన్న ఇంటర్న్‌కు అది చేరదు; నోటీసును ఫొటో తీసి పెడితే చూపు లేని ఇంటర్న్ దాన్ని చదవలేరు. టైపు చేసి పెడితే ఇద్దరికీ చేరుతుంది. భోజనం దగ్గర పక్కన ఎవరు కూర్చుంటున్నారో, పనిముట్టు అందించమనేటప్పుడు పేరుతో పిలుస్తున్నారో వైకల్యంతో పిలుస్తున్నారో సూపర్‌వైజర్ గమనించి, తప్పు కనిపించిన రోజే సరిదిద్దాలి. ఇంటర్న్ వైకల్యం గురించి జట్టుకు ముందే చెప్పాలనుకుంటే వారి అనుమతి తీసుకుని, ఎంతవరకు చెప్పవచ్చో వారినే అడగండి.

శిక్షణ కాలం సగం దాటేసరికి ఉద్యోగం ఇవ్వగలరో లేదో నిర్ణయించి, స్పష్టంగా చెప్పండి. చివరి వారం దాకా ఆశలో ఉంచడం వారికి చాలా నష్టం చేస్తుంది. ఉద్యోగం ఇవ్వలేకపోతే, మీ వ్యాపార పరిచయాల్లో అదే పని ఉన్న మరో రెండు మూడు సంస్థలతో మాట్లాడండి. సర్టిఫికెట్‌లో "విజయవంతంగా పూర్తి చేశారు" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టకుండా, నేర్చుకున్న పనుల పేర్లు, పర్యవేక్షణ లేకుండా చేయగలిగేవి ఏవి, ఏ సర్దుబాటుతో ఆ పనులు చేశారు అన్నవి రాసి, నేర్పిన ఉద్యోగి పేరు, సంస్థ ఫోన్ నంబరు చేర్చండి. తర్వాత ఉద్యోగమిచ్చే సంస్థ ఆ ఏర్పాట్లను మొదటి రోజునుంచే చేసుకోగలుగుతుంది.