సన్నాయి పట్టుకుని చైనా దాకా

నేను తిరుపతిలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. రోజుకు పదిసార్లయినా గట్టిమేళం చెవిన పడుతుంది. వేరే దేశాల సంగీతం కూడా విందామని మొదట్లో యూట్యూబ్‌లో ‘వరల్డ్ మ్యూజిక్’ అని కొట్టాను. వచ్చినవన్నీ మసాజ్ సెంటర్లో పెట్టే పాటలే! ఆ మాట మీరు కొట్టొద్దు.

మీకు బాగా తెలిసిన వాయిద్యం ఒకటి పట్టుకుని, దాని చుట్టాలు ఎక్కడెక్కడున్నారో వెతకండి. నేను సన్నాయి పట్టుకున్నాను. పీకలో జంట రేకులు అదిరితే శబ్దం పుడుతుంది కదా, ఆ వంశం చాలా పెద్దది. ఉత్తరాది షెహనాయికి 2001లో భారతరత్న అందుకున్న బిస్మిల్లాఖాన్ ఉండనే ఉన్నాడు.

అక్కడి నుంచి టర్కీకి పోండి. అక్కడి సన్నాయి పేరు జుర్నా. దాని పక్కన దవుల్ అనే పెద్ద డోలు ఉంటుంది. దాన్ని ఒకవైపు లావు కర్రతో, ఇంకోవైపు సన్న పుల్లతో కొడతారు. మన డోలుకు ఒకవైపు పుల్ల, రెండోవైపు వేళ్లకు తొడుగులు. ఇది గమనించాక నా ఎడిటింగ్‌లో పుల్ల దెబ్బ విడిగా వినిపించడం మొదలైంది.

ఫ్రాన్సులో బ్రిటనీ అనే ప్రాంతముంది. అక్కడి సన్నాయి బొంబార్డ్ ఊపిరి తెగ లాగేస్తుంది. అందుకే వాయించేవాడు ఒక వరస వాయించి ఆగుతాడు. మన తిత్తిలాంటి బినియు ఆ సందులో కూడా పాట నడిపిస్తూనే ఉంటుంది. జుర్నావాళ్లు మాత్రం ఆగరు. మన సన్నాయి పక్కన శ్రుతి కోసం ఒత్తు పట్టేవాళ్లలాగే బుగ్గల్లో గాలి నిలిపి ముక్కుతో పీలుస్తారు.

వెతకడంలో ఒక కిటుకు. వికీపీడియాలో ఆ వాయిద్యం పేజీ తెరిచి, పేరు ఆ దేశపు లిపిలో ఎలా ఉందో కాపీ చేసి యూట్యూబ్‌లో అతికించండి. స్టేజీ కచేరీల బదులు ఊళ్లో పెళ్లిళ్లు, జాతరలు బయటపడతాయి. పాత రికార్డింగులకు స్మిత్‌సోనియన్ ఫోక్‌వేస్ అనే అమెరికా రికార్డుల సంస్థ సైటు చూడండి. ఆల్బమ్‌తో వచ్చిన వివరాల పుస్తకం అక్కడ ఉచితంగా దొరుకుతుంది. పాట వినే ముందే అది చదవండి.

చైనావాళ్ల సన్నాయి సువోనా పెట్టేముందు వాల్యూమ్ సగానికి దించండి. పెళ్లికీ అదే, చావుకీ అదే. నేను దించలేదు. మా అమ్మ వంటింట్లోంచి వచ్చి, ‘ఎవురి పెండ్లిరా?’ అనింది. ఆ వీడియో శవయాత్రది. నేను చెప్పలేదు.