ఏసీ మధ్యలోనే ఆగిపోతోందా, అసలు ఆగట్లేదా? సెన్సర్ మార్చే ముందు ఇవి చూస్కోండి

ఏసీ 24లో పెడితే కాసేపటికే అవుట్‌డోర్ ఆగిపోతుంది, గదిలో ఉక్క మాత్రం అలాగే ఉంటుంది. కొన్నిచోట్ల దీనికి రివర్స్, దుప్పటి కప్పుకునేంత చల్లబడినా కంప్రెసర్ ఆగదు. రెండిటికీ మొదట వినపడే మాట "గ్యాస్ అయిపోయింది" అని. గ్యాస్ తగ్గితే మామూలుగా కంప్రెసర్ నడుస్తూనే ఉంటుంది, చల్లదనమే రాదు. గది చల్లబడకుండానే "ఇక చాలు" అనుకుని ఆగిపోతోందంటే ముందు సెన్సర్‌ని అనుమానించాలి.

ఇండోర్ యూనిట్‌లో సాధారణంగా రెండు సెన్సర్లుంటాయి. ఒకటి రూమ్ సెన్సర్, ఫిల్టర్ వెనకాల, కాయిల్ (గాలిని చల్లబరిచే గొట్టాల వరస) ముందు చిన్న ప్లాస్టిక్ క్లిప్‌లో నల్ల పూసలా ఉంటుంది. రెండోది కాయిల్ సెన్సర్, రాగి తొడుగుతో ఉండి, కాయిల్‌కి అతికించిన చిన్న గొట్టంలో దూరి ఉంటుంది. రెండూ ఎన్‌టీసీ థర్మిస్టర్లే, అంటే వేడి పెరిగితే రెసిస్టెన్స్ తగ్గుతుంది, చల్లబడితే పెరుగుతుంది. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పని అయిపోయినట్టే, ఎందుకంటే కనెక్టర్ పిన్ చిలుం పట్టి రెసిస్టెన్స్ పెరిగితే బోర్డు (ఏసీని నడిపే సర్క్యూట్ బోర్డు, పీసీబీ అంటారు) గది చల్లగా ఉందనుకుని తొందరగా ఆపేస్తుంది, సెన్సర్‌లోకి తేమ దిగి రెసిస్టెన్స్ పడిపోతే వేడిగా ఉందనుకుని ఆపకుండా నడుపుతుంది.

ఏమీ విప్పకుండా చూసేవి

రిమోట్‌లో ఐ ఫీల్ లేదా ఫాలో మీ లాంటి ఆప్షన్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే ఏసీ తన సెన్సర్‌ని కాకుండా రిమోట్‌లో ఉన్న సెన్సర్‌ని నమ్ముతుంది, రిమోట్ ఏమో ఏసీ గాలి నేరుగా తగిలేచోట పడుంటుంది, ఇంకేముంది, వెంటనే కట్ ఆఫ్. ఫిల్టర్ కూడా కడగండి, దుమ్ము పట్టి గాలి ఆడకపోతే కాయిల్ మీద ఐస్ కడుతుంది, ఆ తప్పు సెన్సర్ మీద పడుతుంది.

సెన్సర్ దాని చోట ఉందా

ఎంసీబీ, అంటే ఏసీకి కరెంటు ఇచ్చే మెయిన్ స్విచ్, ఆఫ్ చేసి ముందు కవర్ తీయండి. రిమోట్‌తో ఆఫ్ చేస్తే సరిపోదు, కొన్ని బోర్డుల్లో ఈ సన్న వైర్లు కూడా మెయిన్స్ నుంచి వేరుగా ఉండవు, షాక్ కొడుతుంది. సర్వీసింగ్ చేసి వెళ్లిన తర్వాతే మొదలైన ప్రాబ్లమ్ అయితే ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది: రూమ్ సెన్సర్ క్లిప్ ఊడి కాయిల్ ఫిన్స్‌కి (సన్న రేకులకి) ఆనుకుని ఉంటుంది, అది చూసేది గది గాలిని కాదు కాయిల్ చల్లదనాన్ని, అందుకే ఠక్కున ఆపేస్తుంది. కాయిల్ సెన్సర్ గొట్టంలోంచి బయటికొచ్చిందంటే ఇంకో రకం తలనొప్పి, ఐస్ కడుతున్నా బోర్డుకి తెలీదు, లేకపోతే కాయిల్ చల్లబడట్లేదని ఎర్రర్ ఇస్తుంది. తిరిగి దాని చోట పెట్టి, కనెక్టర్ పీకి, పిన్లు శుభ్రం చేసి గట్టిగా నొక్కండి. చాలాసార్లు పని ఇక్కడితో అయిపోతుంది, కొత్త సెన్సర్ కొనక్కర్లేదు.

మీటర్‌తో

సెన్సర్ పూర్తిగా ఓపెన్ అయినా (లోపల తెగినా) షార్ట్ అయినా (రెండు వైర్లు కలిసిపోయినా) బోర్డే కనిపెట్టి ఎర్రర్ కోడ్ చూపిస్తుంది లేదా లైట్ బ్లింక్ చేస్తుంది, అది మాన్యువల్‌లో చూస్కోవచ్చు. ఇబ్బంది పెట్టేది అటూ ఇటూ కాకుండా కొద్దికొద్దిగా తప్పు చూపించేది, దానికి ఏ కోడూ రాదు. సెన్సర్ కనెక్టర్ బోర్డు నుంచి తీసి మల్టీమీటర్‌తో రెసిస్టెన్స్ కొలవండి, పూసని చేత్తో పట్టుకోకండి, ఒంటి వేడికే రీడింగ్ మారిపోతుంది. 10కె సెన్సర్ అయితే 25 డిగ్రీల దగ్గర 10 కిలో ఓమ్స్ రావాలి, 30 దగ్గర 8 చిల్లర, ఐస్ నీళ్లలో ముంచితే 32, 33 దాకా. ఇక్కడో చిన్న మెలిక ఉంది, మీటర్ 20కె రేంజ్‌లో ఉంటే ఆ 32 చూపించలేక ఊరికే 1 అని చూపిస్తుంది, అది చూసి సెన్సర్ ఓపెన్ అయిందని పారేసేవాళ్లున్నారు. రేంజ్ 200కెకి మార్చండి. రీడింగ్ ఎగిరెగిరి పడుతున్నా, వైర్ కదిపితే మారుతున్నా సెన్సర్ పోయినట్టే.

సెన్సర్ బాగానే ఉంది, ప్రాబ్లమ్ పోలేదు

అప్పుడు బోర్డు మీద అనుమానం. ఎంసీబీ ఆఫ్‌లో ఉండగానే రూమ్ సెన్సర్ తీసేసి దాని చోట మామూలు 10కె రెసిస్టర్ పెట్టి, కాళ్లకి టేప్ చుట్టి, కవర్ మూసి ఆన్ చేయండి. బోర్డుకి ఇప్పుడు గది ఎప్పుడూ 25 డిగ్రీలే. 18కి పెడితే కంప్రెసర్ నడుస్తూ ఉండాలి, 30కి పెడితే ఆగాలి. అలా జరగకపోతే తప్పు పీసీబీది, సెన్సర్లు ఎన్ని మార్చినా దండగ. ఇది టెస్ట్ కోసమే, రెసిస్టర్‌ని అలాగే వదిలేయొద్దు. ఏసీలో ఉన్నది 5కె సెన్సర్ అయితే రెసిస్టర్ కూడా 5కెకి దగ్గరదే పెట్టాలి.

కొత్తది వేసేటప్పుడు

అన్నీ ఒకేలా కనిపిస్తాయి గానీ 5కె, 10కె, 15కె, 20కె అని ఉంటాయి, బీ వాల్యూ (వేడితో రెసిస్టెన్స్ ఎంతగా మారుతుందో చెప్పే అంకె) కూడా కలవాలి. 10కె ఉండాల్సిన చోట 5కె వేస్తే మామూలు గదిని కూడా బోర్డు 40 డిగ్రీలనుకుంటుంది, ఇక కంప్రెసర్ ఆగేదెప్పుడు. వైర్ కట్ చేసి కలపాల్సి వస్తే మెలిపెట్టి టేప్ వేస్తే సరిపోదు, అక్కడుండే తేమకి ఆ జాయింట్ చిలుం పట్టి మళ్లీ మొదటికే వస్తుంది, టంకం వేసి హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి. ప్లస్ మైనస్ లేవు, ఎటు కలిపినా పర్లేదు.

ఇన్వర్టర్ ఏసీ అవుట్‌డోర్‌లో డిశ్చార్జ్ పైప్ (కంప్రెసర్ నుంచి వేడి గ్యాస్ బయటికొచ్చే గొట్టం) మీద, కండెన్సర్ (వేడిని బయటికి వదిలే కాయిల్) మీద ఇంకో రెండు మూడు సెన్సర్లుంటాయి. కోడ్ వాటిది అయితే మాత్రం మెకానిక్‌ని పిలవండి, పవర్ ఆపిన తర్వాత కూడా ఆ బోర్డు కెపాసిటర్లలో 300 వోల్టులకి పైగా కాసేపు నిలిచి ఉంటుంది.