హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ, మెయింటెనెన్స్ పనులకు మళ్లీ టెండర్ పిలిచేటప్పుడు

పాత కాంట్రాక్టు ముగియడానికి 9 నెలల ముందే మొదలుపెట్టండి. పాత టెండర్ కాగితాలను కాపీ కొట్టకుండా భవనాలను మళ్లీ కొలవండి: విస్తీర్ణం, టాయిలెట్లు, లిఫ్టులు, ఏసీలు, వాటి వయసు. ఈ జాబితా తప్పయితే బిడ్డర్లు రిస్కు కలిపి రేటు పెంచుతారు, లేదా తక్కువకు పట్టుకుని తర్వాత ప్రతి పనికీ అదనపు బిల్లు పెడతారు.

అసలు లెక్కలు పాత కాంట్రాక్టరుకే తెలుసు. అదే అతనికి అనుకూలం కూడా. సిబ్బంది సంఖ్య, జీతాలు, సర్వీసు కాలం, రిపేర్ల రికార్డు రాతపూర్వకంగా తీసుకుని, పేర్లు తీసేసి, బిడ్డర్లందరికీ ఒకేలా ఇవ్వండి.

సిబ్బంది తలల లెక్కన కాకుండా ఫలితాన్ని బట్టి చెల్లించండి: లిఫ్టు ఆగితే 2 గంటల్లో మెకానిక్ రావాలి, రాకపోతే బిల్లులో కోత. చట్టబద్ధ వేతనాల మొత్తానికి కూడా చాలని రేటు ఎవరైనా కోట్ చేస్తే వివరణ అడగండి.

పాత కాంట్రాక్టరు నుంచి కొత్తవారికి అప్పగింతకు 6 వారాలు ఉంచండి. తాళాలు, పాస్‌వర్డులు, వారంటీ కాగితాలు చేతికొచ్చాకే పాతవారి ఆఖరి బిల్లు.