దివ్యాంగ విద్యార్థులకు ఉచిత కంప్యూటర్ శిక్షణ: అనంతపురం నుంచి దరఖాస్తు ఇలా

టెన్త్, ఇంటర్ అయ్యాక ఇంటిపట్టునే ఉండిపోయిన దివ్యాంగ పిల్లలు డేటా ఎంట్రీ, ఆఫీసు పనులు నేర్చుకోవడానికి కేంద్ర ప్రభుత్వ శిక్షణ ఉంది. వయసు 15–59 మధ్య, వైకల్యం కనీసం 40 శాతం ఉండాలి. ఫీజు కట్టనక్కర్లేదు. దరఖాస్తు పీఎం-దక్ష్ దివ్యాంగుల పోర్టల్‌లో. అక్కడ ముందుగా అడిగేది యూడీఐడీ (దివ్యాంగులకు కేంద్రం ఇచ్చే గుర్తింపు కార్డు) నంబరు, కాబట్టి అసలు పని ఆ కార్డుతోనే మొదలవుతుంది.

సదరం సర్టిఫికెట్‌తో (రాష్ట్రంలో ఇచ్చే వైకల్య ధ్రువపత్రం) పింఛను వస్తోంది కదా, అది చాలదా అంటారు చాలామంది. చాలదు. యూడీఐడీకి సంబంధించిన స్వావలంబన్ కార్డ్ వెబ్‌సైట్‌లో ఇప్పటికే మీ నంబరు ఉందేమో ముందు వెతకండి. వైకల్య నిర్ధారణే కాకపోతే గ్రామ, వార్డు సచివాలయంలో సదరం స్లాట్ బుక్ చేయించుకుని, చెప్పిన రోజు ఆస్పత్రికి వెళ్లాలి. ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, టెన్త్ మెమోలో ఒక్క అక్షరమే ఉంటే ఆ తేడాను ఇప్పుడే సరిచేయించుకోండి. ఓటీపీ వచ్చే ఫోన్ కూడా ఇంట్లోనే ఉండాలి. బెంగళూరులో పనిచేసే అన్న నంబరు ఇస్తే ప్రతిసారీ టెన్షనే.

పోర్టల్‌లో కౌశల్ వికాస్ విభాగం తెరిచి, వివరాలు నింపి, కోర్సు, సెంటర్ ఎంచుకోవాలి. ధర్మవరం, కదిరి, హిందూపురం వాళ్లది 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. అలవాటు కొద్దీ అనంతపురం అని కొట్టకండి. సెంటర్ కోసం మాత్రం రెండు జిల్లాలూ చూడండి.

సెంటర్ పేరు నొక్కే ముందు ఒక్క ఫోన్ చేయండి. ఈ మొత్తం తతంగంలో నేను గట్టిగా చెప్పేది ఇదే. "మా అమ్మాయికి చూపు లేదు, ఎలా నేర్పుతారు?" అని సూటిగా అడగండి. "ఇక్కడ క్లిక్ చెయ్" అంటూ మౌస్‌తో నేర్పే చోట ఆ పిల్లకు ఒరిగేదేమీ లేదు. ఆల్ట్-ట్యాబ్, కంట్రోల్-ఎస్ లాంటి కీలతోనే పని నడిపించాలి. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితమే, కాబట్టి లైసెన్సు ఖర్చు అనే సాకు చెల్లదు. తెలుగు టైపింగ్ ఏ ఫాంట్‌లో నేర్పుతారో కూడా అడగాలి. డీటీపీ షాపుల్లో వాడే అను ఫాంట్లలో కొట్టింది ఎన్‌వీడీఏలో అర్థంకాని గుర్తుల్లా వినిపిస్తుంది. యూనికోడ్‌లో, విండోస్‌లోనే ఉండే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో నేర్పితే మేలు. వినికిడి లోపం ఉంటే సైగల భాష తెలిసినవాళ్లు ఉన్నారా, వీల్‌చైర్ అయితే ర్యాంపు, అది పట్టే బాత్రూమ్ ఉన్నాయా అన్నది తేల్చుకోండి.

దగ్గర్లో సెంటర్ ఏదీ కనిపించకపోతే అనంతపురంలోని విభిన్న ప్రతిభావంతుల సంక్షేమ శాఖ ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులో అర్జీ ఇచ్చి, రసీదు అడిగి తీసుకోండి. టెన్త్ పాసైనవాళ్లకు ఐటీఐలో కోపా (కంప్యూటర్ ఆపరేటర్, ప్రోగ్రామింగ్ అసిస్టెంట్) ట్రేడు మరో దారి, ఏడాది కోర్సు. శిక్షణ పూర్తయ్యాక ఉద్యోగాల కోసం అదే పీఎం-దక్ష్‌లో రోజ్‌గార్ సేతు విభాగం ఉంది.